మీరా పేరు మీద

"ఇది నీ చేతిరాతేనా, కాదా? ముందు అది చెప్పమ్మా."

రాజీవ్ ఆ కాగితాన్ని తెచ్చి డైనింగ్ టేబుల్ మీద, గుడ్డ కప్పిన రెండు రొట్టెల పక్కన పెట్టాడు. కేకలేసి ఉంటే నిర్మలాదేవికి కాస్త నయంగా ఉండేది. వాడు కేకలెయ్యలేదు. పోయిన వాళ్ళ నాన్న బాబూరావుగారూ అంతే. నిజంగా ఒళ్ళు మండిన రోజున గొంతు తగ్గించి మాట్లాడేవారు.

మిల్టన్ కీన్స్ నుంచి నార్త్ లండన్ దాకా, శుక్రవారం సాయంత్రపు ట్రాఫిక్‌లో, అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చింది. ఇంకా కోటు కూడా విప్పలేదు. పులిహోర డబ్బా చేతిలోనే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నాదేరా," అంది.

కాదనడానికి మాత్రం ఏముంది? కార్డిఫ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా చేసి, మందుల షాపుల వాళ్ళ చేత తిట్లు తిన్న చేతిరాత అది. ఇంకొకరికి రమ్మన్నా రాదు.

అది మనవరాలు మీరా చదివే స్కూలు వాళ్ళ విరాళం ఫారం, జిరాక్స్ కాపీ. కోడలు నయోమి యూదుల పిల్ల, కాబట్టి మీరా చదివేదీ యూదుల బడే. ఫీజు కట్టలేని పిల్లల కోసం ఆ బడికి ఒక నిధి ఉంది. ఇచ్చేవాళ్ళు పన్ను కట్టేవాళ్ళయితే ఫారం మీద ఒక గడిలో టిక్కు పెడితే చాలు. వందకి పాతిక చొప్పున, వాళ్ళు కట్టిన పన్నులోంచి తీసి గవర్నమెంటు ఆ నిధికి కలుపుతుంది. గిఫ్ట్ ఎయిడ్ అంటారు. నిర్మలాదేవి మార్చి నెలలో ఆ టిక్కు పెట్టి, సంతకం చేసి, చెక్కు రాసి పంపింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఈ లైన్లో ఏం రాశావు?" రాజీవ్ వేలు పెట్టి చూపించాడు. "ఎవరి గౌరవార్థం ఇస్తున్నారు అన్న చోట?"

"మీరా పేరు రాశాను."

"ఎందుకు?"

"ఎందుకేంట్రా? దానం చేసేటప్పుడు ఎవరో ఒకరి పేరు మీదే కదా చేస్తాం! అన్నవరంలో అన్నదానానికి కట్టినా నీ పుట్టినరోజుకి నీ పేరు మీదే కట్టేదాన్ని. గోత్రం, నక్షత్రంతో సహా."

"ఇక్కడా గోత్రం, నక్షత్రంతో సహా రాశావమ్మా. ఆడిటర్ ఫోన్ చేసి, ఈ భరద్వాజ ఎవరు, ఈ రోహిణి ఎవరు, వాళ్ళు కూడా మా స్కూలు పిల్లలేనా అని అడిగాడు."

ఇంకో రోజైతే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకునే మాట. ఇప్పుడు మాత్రం ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"మీరాకి ఆ ఫండ్ నుంచే బర్సరీ వస్తోంది," అన్నాడు రాజీవ్. "సెప్టెంబర్ నుంచి. సగం ఫీజు వాళ్ళే ఇస్తున్నారు."

ఇక్కడ నిర్మలాదేవి ఆశ్చర్యపోవాలి. పోయింది. "అదేంట్రా? నీకేమైంది? నీ ఉద్యోగం?" అంది. పేషంట్లకి చెడ్డ రిపోర్టులు చదివి చెప్పిన ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న మొహం కాబట్టి ఆ మాత్రం నటన నడిచింది.

"పోయి ఏడాదైంది. మధ్యలో రెండు కాంట్రాక్టులు చేశాను. నీకు చెప్పలేదు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఎందుకా? చెప్తే నువ్వు ఇదిగో ఇలాంటి పని చేస్తావని!" కాగితం మీద అరచేత్తో కొట్టాడు. "నీకు ముందే తెలుసు కదా? తెలిసే ఇచ్చావు కదా?"

నిర్మలాదేవి చూపు వాడి భుజం మీదుగా మెట్ల వైపు పోయింది. మెట్ల మీద మీరా కూర్చుని ఉంది. పదేళ్ళ పిల్ల. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోది చేతిలో ఉంది. నానమ్మని రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"తెలీదు," అంది నిర్మలాదేవి. "నాకేం తెలీదురా."

తెలుసు! ఫిబ్రవరి నుంచీ తెలుసు. హాఫ్ టర్మ్ సెలవులకి మీరా మిల్టన్ కీన్స్ వచ్చి నాలుగు రోజులుంది. సినిమాకి తీసుకెళుతుంటే కారులో చెప్పింది. డాడీ రోజూ సూట్ వేసుకుని వెళ్ళి లైబ్రరీలో కూర్చుంటున్నాడట. ఒకరోజు స్కూలు వాళ్ళు పిల్లల్ని ఆ లైబ్రరీకి తీసుకెళితే కనిపించాడట. ఇది చూసి షెల్ఫు వెనక దాక్కుందట. ఇంట్లో ఒక ఫారం నింపుతున్నారట, డబ్బు రాకపోతే స్కూలు మార్చేస్తారట. ఆ ఊళ్ళో రౌండెబౌట్లు తప్ప ఏముంటాయి? వింటూ వింటూ నిర్మలాదేవి ఒకే రౌండెబౌట్ చుట్టూ మూడు సార్లు తిరిగింది. "డాడీకి చెప్పొద్దు నానమ్మా, ప్రామిస్?" అని ఇంగ్లీషులోనే అడిగి పిల్ల చెయ్యి చాపితే, స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి ఒట్టేసింది.

వెనకాల వాడెవడో హారన్ కొట్టాడు. ఒట్టు మాత్రం ఒట్టే.

"నీకు తెలిసి ఇచ్చి ఉంటే అది దానం కాదట," రాజీవ్ చెప్పుకుపోతున్నాడు. "సొంత మనవరాలి ఫీజు కట్టుకుని దాని మీద గవర్నమెంట్ డబ్బు క్లెయిమ్ చేసినట్టట. ఆ టాక్స్ అంతా ఫండ్ వాళ్ళు వెనక్కి కట్టాలి. మీరా బర్సరీ కేన్సిల్. సోమవారంలోగా నీ దగ్గర్నుంచి లెటర్ కావాలన్నారు. తెలిసి ఇచ్చిందా, తెలియక ఇచ్చిందా అని."

"తెలియకనే ఇచ్చిందని రాయి," అనేసింది నిర్మలాదేవి.

"నిజంగా?"

"చెప్పాను కదరా!"

వాడింకా ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. "అది నాన్న డబ్బు, కదా? ఇన్సూరెన్స్ డబ్బు."

ఆవిడ పులిహోర డబ్బాని ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నా పెళ్ళికి రానన్న మనిషి. నయోమిని చచ్చేదాకా పేరు పెట్టి పిలవని మనిషి. ఆయన పౌండు నా ఇంట్లోకి రాకూడదని ఆ రోజే చెప్పాను. ఇప్పుడు నా కూతురు ఆయన డబ్బుతో చదువుతోందా? అదీ నాకు తెలీకుండా?"

పోయినవాళ్ళ తరఫున మాట్లాడటం ఎంత కష్టమో ఆ ఇంట్లో నిర్మలాదేవి ఒక్కదానికే తెలుసు. ఆయన చివరి నెలల్లో మీరా ఫోటో దిండు కింద పెట్టుకునేవారని చెప్పాలనిపించింది. ఎవరు నమ్ముతారు?

వంటింట్లోంచి నయోమి వచ్చింది. చేతిలో అగ్గిపెట్టె ఉంది. ఎర్రబడ్డ కళ్ళు ఉల్లిపాయల వల్లో, వేరే దానివల్లో.

"పొద్దు వాలిపోతోంది. పది నిమిషాల్లో దీపాలు వెలిగించాలి," అంది ఇంగ్లీషులో. "వెలిగించాక రేపు రాత్రి దాకా ఈ ఇంట్లో డబ్బు మాట వద్దు. కాగితాలు వద్దు, సంతకాలు వద్దు. రాజీవ్, అది తీసెయ్. అత్తయ్యా, కోటు ఇలా ఇవ్వండి."

అంతా ఇంగ్లీషే, అత్తయ్యా అన్న పిలుపొక్కటే తెలుగు.

శుక్రవారం పొద్దు వాలింది మొదలు శనివారం రాత్రి దాకా యూదులకి విశ్రాంతి దినం. నయోమి రెండు కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళు మూసుకుని, వాళ్ళ మాటల్లో ఏదో చదువుకుంది. రాజీవ్ కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. ప్రతి శుక్రవారం అలా దీవిస్తారు. దీవించాక మీరా పరిగెత్తుకుంటూ వచ్చి నానమ్మ ముందు కూడా తల వంచేది. ఈ వారం రాలేదు. తన కుర్చీలో తను కూర్చుని, ఉప్పు గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది.

సూప్ వచ్చింది. చేప వచ్చింది. డబ్బు మాట ఎత్తకూడదు, ఇంకో మాట ఎవరికీ దొరకదు. ఒలింపిక్స్ అయిపోయి రెండు నెలలైనా, దిక్కులేక నయోమి ఒలింపిక్స్ గురించి ఏదో అంది. పులిహోర డబ్బా మూత తియ్యకుండానే గట్టు మీద ఉండిపోయింది.

వెళ్ళేటప్పుడు రాజీవ్ కారు దాకా వచ్చాడు కానీ, వచ్చే శుక్రవారం త్వరగా రా అని ఎప్పుడూ అనే మాట అనలేదు.

శనివారమంతా నిర్మలాదేవి ఎవరితోనూ మాట్లాడలేదు. చాలా శనివారాలు అంతే. వాళ్ళు ఆ రోజు ఫోనెత్తరు. ఆయన పోయాక, కొడుకు దగ్గర్లో ఉందామని కార్డిఫ్‌లో ఇల్లమ్మేసి ఇక్కడ ఫ్లాట్ కొంది. అక్కడ తలుపు తీస్తే పలకరించే పేషంట్లు ఉండేవారు. ఆదివారం ఆదివారం ఎవరో ఒకరింట్లో భోజనాలుండేవి. లండన్‌లో కొనే స్తోమత లేదు కాబట్టి గంట దూరంలో, ఎవరూ తెలియని ఈ ఊళ్ళో దిగింది. ఇక్కడ రోడ్లకి నంబర్లున్నాయి, మనుషులకి కార్లున్నాయి. రెండేళ్ళలో పక్క ఫ్లాటాయన పేరు కూడా తెలుసుకోలేకపోయింది. వారంలో ఉన్నది ఒక్క శుక్రవారం. ఆ ఒక్కటీ పోతే?

ఆ ఆలోచన రాగానే లేచి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి డోర్‌బెల్ మోగింది. రాజీవ్ నిలబడి ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు.

"అన్నం ఉందా?" అన్నాడు.

ఆవిడ ఆ ఫ్లాట్ కొన్నాక వాడు గడప తొక్కి అన్నం అడగడం అదే మొదటిసారి. ఉన్న అన్నం ఒక మనిషికే సరిపోతుంది. "లేకేం, కూర్చో," అని వంటింట్లోకి పరుగులాంటి నడకతో పోయి మళ్ళీ బియ్యం కడిగింది. వంకాయలుంటే కారం పెట్టి వేయించింది. పప్పులో నెయ్యి కాస్త ఎక్కువే వేసింది. డాక్టర్‌గారే! కొలెస్ట్రాల్ సంగతి ఆ పూటకి గుర్తు రాలేదు.

వాడు చేత్తో కలుపుకుని తిన్నాడు. చిన్నప్పటిలాగే ముందు వంకాయ తొడిమలు పక్కన పెట్టుకున్నాడు. రెండోసారి పెట్టించుకున్నాక తలెత్తకుండా అన్నాడు:

"సారీ అమ్మా."

"దేనికిరా?"

"శుక్రవారం అలా మాట్లాడినందుకు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నువ్వు తెలిసే చేశావనుకున్నాను. తెలిసి, నాకు తెలీకుండా, నన్ను... ఏమంటారు దాన్ని తెలుగులో? చిన్నచేశావనుకున్నాను. నయోమి తిట్టింది. మీ అమ్మ అబద్ధం చెప్పే మనిషా అంది. నిజమే. నువ్వెప్పుడూ చెప్పలేదు. నాన్న ఫ్రెండ్‌కి ఉత్తుత్తి జబ్బు సర్టిఫికెట్ రాయనన్నావని నాన్న నీతో నెల రోజులు మాట్లాడలేదు, నాకు గుర్తుంది."

నిర్మలాదేవి గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఇంకోటి," అన్నాడు. వాడి మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళైందో! "మా వీధి చివర ఒక చిన్న ఫ్లాట్ అద్దెకి ఉంది. గ్రౌండ్ ఫ్లోర్. ఇది అద్దెకిచ్చేసి నువ్వు అక్కడికి వచ్చెయ్. మీరా స్కూలు నుంచి నీ దగ్గరికే వస్తుంది. ఒక్కదానివీ ఇక్కడెందుకు? ముందే అడగాల్సింది. నా ఉద్యోగం సంగతి బయటపడుతుందని భయపడి నేనే నిన్ను దూరంగా ఉంచాను."

ఏం కావాలి ఇంకా ఒక తల్లికి? ఉన్న దేవుళ్ళందరూ ఒకేసారి వరాలిస్తే ఇలాగే ఉంటుందేమో. నిర్మలాదేవి పెరుగు గిన్నె వాడి ముందుకి జరిపింది. "ముందు పెరుగు వేసుకో," అని మాత్రం అనగలిగింది.

చెయ్యి కడుక్కుని వచ్చి రాజీవ్ బ్యాగులోంచి ఒక కాగితం తీశాడు. టైప్ చేయించి తెచ్చాడు. పెన్ను కూడా పక్కన పెట్టాడు.

"రేపు పొద్దున్నే స్కూల్లో ఇచ్చేస్తాను. చదువుకుని సంతకం పెట్టు."

కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నాలుగే వాక్యాలు. విరాళం ఇచ్చేనాటికి నా కొడుకు ఆర్థిక స్థితి గానీ, నా మనవరాలి తరఫున దరఖాస్తు చేస్తున్న సంగతి గానీ నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం కూడా నాకు లేదు. మా ఆచారం ప్రకారం ఆశీర్వాదంగా మాత్రమే ఆ పేరు రాశాను. పై వివరాలు సత్యమని ప్రకటిస్తున్నాను.

మూడో వాక్యం నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ డబ్బు తిరిగి మీరాకే రావాలని ఆవిడ రాయలేదు. నిధిలో డబ్బు తక్కువైతే ఎవరికో ఒకరికి లేదంటారు, ఆ ఎవరో మన పిల్ల కాకూడదనుకుంది. ఎవరి పిల్లా కాకూడదని కూడా అనుకుంది. ఆ రెండిట్లో ఏది ముందు అనుకుందో ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా తెలియడం లేదు.

పెన్ను తీసుకుంది. మూత తీసింది. పేరులో మొదటి అక్షరం దగ్గర పెన్ను ఆనించింది.

పిల్ల చదువు ఆ కాగితం మీద ఉంది. వీధి చివర ఫ్లాట్ కూడా దాని మీదే ఉంది. ఒక్క సంతకం. గవర్నమెంటు వచ్చి ఆవిడ మనసు తవ్వి చూడదు. ఆ మాటకొస్తే సంతకం పెట్టేసేదేమో కూడా. కానీ వాడు సారీ చెప్పాడు. చెయ్యని తప్పుకి తల వంచుకుని, అన్నం ముందు కూర్చుని చెప్పాడు. అది మింగుడుపడలేదు.

"రాజీవ్," అంది. "నాకు తెలుసురా."

"ఏంటి?"

"నీ ఉద్యోగం పోయిందని తెలుసు. ఫారం నింపారనీ తెలుసు. తెలిసే ఇచ్చాను. శుక్రవారం నీకు అబద్ధం చెప్పాను."

పక్క ఫ్లాట్లో టీవీలో ఫుట్‌బాల్ కేకలు వినిపిస్తున్నాయి.

"ఎప్పట్నించి?"

"ఫిబ్రవరి నుంచి. నిజం రాసి ఇచ్చేద్దాం రాజీవ్. వాళ్ళకి కట్టాల్సింది ఉంటే నేను కడతాను. మీరా ఫీజు కూడా..."

"ఎవరు చెప్పారు?"

"అది అడక్కు."

"ఎవరు చెప్పారమ్మా?"

"నన్నడక్కురా, నీకు దణ్ణం పెడతాను. చెప్పనని మాటిచ్చాను."

రాజీవ్ లేచి నిలబడ్డాడు. వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "ఆ సంగతి తెలిసింది ఇద్దరికి. నాకూ, నయోమికీ. వాళ్ళ అమ్మానాన్నలకి కూడా చెప్పలేదు. నువ్వు స్కూలు వాళ్ళని అడగలేదు, అడిగినా వాళ్ళు చెప్పరు."

"అలా కాదురా..."

"మీ అమ్మ అబద్ధం చెప్పే మనిషా అంది నాతో. నిన్న. నా మొహంలోకి చూస్తూ. అంటే అప్పటికే..." నవ్వాడు. ఇందాకటి నవ్వు కాదు అది. "ఇద్దరూ కలిసి నన్ను పోషిస్తున్నారన్నమాట."

"రాజీవ్, నయోమి కాదు. ఒట్టు. నాకు తెలుసని ఆ పిల్లకి తెలీదు."

"మరెవరు? పేరు చెప్పు. చెప్తే నమ్ముతాను."

నోటిదాకా వచ్చింది. రెండక్షరాల పేరు. చెబితే వాడు కోడల్ని అనుమానించడు. చెబితే షెల్ఫు వెనక దాక్కుని తండ్రిని చూసిన సంగతి బయటపడుతుంది. సూట్ వేసుకుని బయల్దేరిన ఆ పొద్దుటిపూటలన్నీ కూతురికి తెలిసే "బై డాడీ" అందని వాడికి తెలుస్తుంది. అది తెలిశాక వీడు కూతురి ముందు తలెత్తుకుని నిలబడగలడా?

నిర్మలాదేవి తల అడ్డంగా ఊపింది. ఆవిడ మౌనానికి రాజీవ్ తనకి తోచిన అర్థం తీసుకున్నాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఆ ఫ్లాట్ సంగతి మర్చిపో," అని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే వాడి కారు పెద్ద రోడ్డెక్కి లండన్ వైపు తిరిగింది.

గంటా పావు టైముంది. వాడు ఇల్లు చేరే లోపల నయోమికి ఒక మాట చెప్పాలి. ఏం చెప్పాలో తెలియకుండానే ఫోన్ తీసి ఇంటి నంబరు నొక్కింది.

రెండు రింగులకే ఎత్తారు. "హలో?"

మీరా. వెనక గిన్నెల చప్పుడు, నయోమి కూనిరాగం వినిపిస్తున్నాయి. తల్లి పక్కనే ఉందన్నమాట.

"నేనమ్మా, నానమ్మని."

అవతల పిల్ల గొంతు తగ్గించింది. పుట్టినప్పటి నుంచీ నానమ్మ ఏం అడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చిన పిల్ల, ఒక్కో మాటా వెతుక్కుంటూ, తల్లికి అర్థం కాకూడదని మొదటిసారి తెలుగులో అడిగింది.

"నానమ్మా... నువ్వు డాడీకి... నా పేరు చెప్పలేదు కదా?"

నిర్మలాదేవి గోడ గడియారం వైపు చూసింది.

"లేదు తల్లీ. చెప్పలేదు," అంది. "ఒకసారి అమ్మకి ఫోనివ్వు."

గిన్నెల చప్పుడు ఆగింది. మీరా ఫోన్ ఇవ్వలేదు.

"ఎందుకు?" అంది.